కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటే: ఎర్తింగు, ఆర్‌సీసీబీ పని చేసుకునే తీరు

ఎండలు ముదిరి అటక మీది కూలర్ కిందికి దిగిన వారానికి నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఒకటే మాట: బాడీకి చేయి తగిలితే జివ్వుమంటోంది. దానికి ఇంట్లోనే ఎవరో ఒకరు చెప్పే చిట్కా, ప్లగ్గు తిప్పి పెట్టమని. టూపిన్ ప్లగ్గు తిప్పితే ఫేజు (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్ (అది తిరిగిపోయే తీగ) తారుమారై ఒక్కోసారి చిమచిమ తగ్గుతుంది కూడా. లీకు మాత్రం అక్కడే ఉంటుంది. పంపు వైరు తడిలో ఇంకాస్త నానిందంటే, అదే బాడీ మీదికి పూర్తి కరెంటు వస్తుంది.

ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట పడే బోర్డు స్విచ్చు) ఉంది కదా, పడిపోతుంది కదా అనుకునేవాళ్లే ఎక్కువ. అది పడదు. ఎందుకు పడదో చిన్న లెక్కతో తేలిపోతుంది. మీ ఇంటి ఎర్తు, అంటే లీకైన కరెంటును గుంతలోని పైపు ద్వారా మట్టిలోకి దింపే దారి, దాని నిరోధం 20 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు 5 ఓమ్‌లు అనుకుందాం. కూలర్‌లో ఫేజు తీగ బాడీకి తగిలితే ఆ కరెంటు మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లాలి. 230 వోల్టులను 25 ఓమ్‌లతో భాగిస్తే 9 ఆంప్‌ల చిల్లర వస్తుంది. 16 ఆంప్‌ల ఎంసీబీకి అదొక లోడే కాదు, ఇస్త్రీపెట్టె, మిక్సీ కలిపి నడుస్తున్నట్టు ఊరుకుంటుంది. ఈలోగా కూలర్ బాడీ మీద 180 వోల్టులకు పైనే నిలబడి ఉంటాయి. సీ రకం 16 ఆంప్‌ల ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంప్‌లు పారాలి. అంటే దారి మొత్తం నిరోధం ఒకటిన్నర ఓమ్ లోపు ఉండాలి. మన చెల్క నేలల్లో ఇంటి ఎర్తుతో అది అయ్యే పని కాదు.

ఎంసీబీ కాపాడేది తీగను. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంప్‌లకు చేరితే సెకనులో మూడో వంతు లోపే పడిపోతుంది. తేడా పెద్దదైతే ఇంకా వేగంగా పడుతుంది. ఎర్తు 500 ఓమ్‌లంత అధ్వానంగా ఉన్నా దాదాపు 460 మిల్లీ ఆంప్‌లు పారతాయి కాబట్టి ఆర్‌సీసీబీ పడి తీరుతుంది. బండ నేలలో ఎర్తు మీద ఎంత ఖర్చు పెట్టినా పక్కన ఆర్‌సీసీబీ లేకపోతే ఆ ఖర్చు సగం దండగే.

అలాగని ఎర్తు అక్కర్లేదనుకోవద్దు. ఎర్తు ఉంటే లీకైన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకుని, ఆ కరెంటు వాళ్ల ఒంట్లోంచి పారేదాకా అది పడదు.

ఎర్తు ఉందా, ఉన్నట్టు కనిపిస్తోందా

త్రీపిన్ సాకెట్టు పై రంధ్రంలో పచ్చ తీగ కనిపిస్తే ఎర్తు ఉన్నట్టు కాదు. ఆ తీగ మెయిన్ బోర్డు దాకా వచ్చి అక్కడే చుట్ట చుట్టుకుని ఉండే ఇళ్లు చాలానే ఉన్నాయి. ముందు బోర్డు తెరిపించి, ఎర్త్ లింకు (పచ్చ తీగలన్నీ కలిసే పట్టీ) నుంచి బయటికి తీగ పోతోందా, అది గుంత దాకా తెగకుండా ఉందా చూడాలి.

తరువాత కొలత. టెస్ట్ ల్యాంపు పెట్టి ‘బల్బు వెలిగింది, ఎర్తు బాగుంది’ అని తేల్చేస్తారు గానీ, 100 వాట్ల బల్బు లాగేది అర ఆంప్ కూడా కాదు. ఎర్తు 50 ఓమ్‌లున్నా ఆ బల్బు దగ్గర తగ్గేది 20 వోల్టులే, వెలుగులో తేడా కంటికి ఆనదు. మల్టీమీటర్‌తో చూస్తే లెక్క తెలుస్తుంది. ఇది చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

మెయిన్ దించి, గుంత నుంచి వచ్చే తీగను ఎర్త్ లింకు నుంచి విప్పి విడిగా పెట్టాలి. విప్పకుండా పరీక్ష చేస్తే, ఎర్తు తెగి ఉన్నప్పుడు బల్బులోంచి వచ్చే కరెంటు గీజరు, ఫ్రిజ్, మోటరు అన్నిటి బాడీల మీదికి ఎక్కుతుంది. అందుకే ఈ వరస తప్పొద్దు. తక్కిన ఎంసీబీలన్నీ దించి ఉంచాలి. ఆర్‌సీసీబీకి ముందు నుంచి, ఒక 6 ఆంప్‌ల ఎంసీబీ ద్వారా ఫేజు తీసుకుని, మెయిన్ ఎత్తి, ఆ ఫేజుకూ విప్పిన తీగకూ మధ్య వోల్టేజి చూడాలి. తరువాత అవే రెండు కొసల మధ్య 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టి మళ్లీ చూడాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. మొదట 232 ఉండి, బల్బు పెట్టాక 223కు దిగితే 9 వోల్టుల తేడా. దాన్ని ఆ బల్బు లాగే 0.43 ఆంప్‌లతో భాగిస్తే సుమారు 21 ఓమ్‌లు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు కూడా కలిసి ఉంటుంది. ఊళ్లో వోల్టేజి నిమిషానికోలా ఊగుతుంది కాబట్టి మూడుసార్లు చూసి సగటు కట్టాలి. పరీక్ష నడిచినంతసేపు గుంత దగ్గర పిల్లలు, పశువులు తిరగకూడదు. అయ్యాక మెయిన్ దించి, తీగ మళ్లీ లింకుకు బిగించడం మరవొద్దు. మరిచిపోతే ఉన్న ఎర్తూ పోయినట్టే.

5 ఓమ్‌ల లోపు వస్తే చాలా బాగున్నట్టు. 20, 30 వచ్చినా ఆర్‌సీసీబీ ఉంటే పని జరుగుతుంది. 100 దాటితే గుంతలో తేమైనా లేదు, తీగైనా తుప్పు పట్టి ఊడింది.

ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో చేయించండి. వానాకాలంలో ఏ ఎర్తయినా బాగానే కనిపిస్తుంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద, అలంపూర్ రేగడిలో నేలలో పదును కొంత నిలుస్తుంది. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట వైపు చెల్క, మొరం, కొన్ని చోట్ల రెండు మూడు అడుగులకే బండ. అక్కడ నేల ఎండిందంటే, సరిగ్గా కూలర్లు నడిచే రోజుల్లోనే ఎర్తు చేతులెత్తేస్తుంది.

గుంత తవ్వేటప్పుడు

గోడకు ఐదడుగుల దూరంలో, ఇంట్లోని నీళ్లు పోయే వైపు చోటు చూసుకోండి. బాత్రూం నీళ్లు, తొట్టి కడిగిన నీళ్లు ఇంకే చోటైతే ఎండాకాలంలోనూ తేమ ఉంటుంది. 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుము) పైపు, ఎనిమిది నుంచి పదడుగులది కావాలి. కింది భాగమంతా అటూ ఇటూ 12 ఎంఎం రంధ్రాలు వేయించాలి. పైపుకు రంగు వేయొద్దు. రంగు వేసిన పైపు మట్టితో కలవదు.

గుంత అడుగు వెడల్పు ఉంటే 35, 40 కిలోల కట్టెబొగ్గు, 20 కిలోల దొడ్డుప్పు పడతాయి. పైపు నిలబెట్టి చుట్టూ జానెడు బొగ్గు, పైన పలచగా ఉప్పు, మళ్లీ బొగ్గు, ఇలా వరసలు పోస్తూ నీళ్లు చల్లుతూ కూరాలి. బొగ్గు నీటిని పట్టుకుంటుంది, ఉప్పు మట్టిని కరెంటు పారేలా చేస్తుంది. అదే ఉప్పు జీఐని తింటుంది కూడా. కాబట్టి ఏడాదికోసారి బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి. ఉప్పు వద్దనుకుంటే బెంటొనైట్ (నీటిని పట్టుకునే బంకమట్టి) పొడి వాడొచ్చు. అదీ దొరకకపోతే చెరువు పూడిక మట్టి తెచ్చి కూరినా తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. తవ్వి తీసిన మొరాన్నే మళ్లీ గుంతలో పోసేవాళ్లున్నారు. అది చేసిన పని చెడగొట్టుకోవడమే.

పైపు పై మూతికి గరాటు, దానికి జాలి, చుట్టూ అడుగు చదరపు ఇటుక గూడు, పైన మూత. ఎండాకాలంలో వారానికోసారి ఆ గరాటులో రెండు మూడు బకెట్ల నీళ్లు పోయాలి. ఈ పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పకపోతే రెండో ఏడు ఎవరూ పోయరు.

పైపుకు తీగ చుట్టి మెలిపెట్టడం ఎర్తు కాదు. బోల్టు, వాషరు, లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు కన్ను) పెట్టి బిగించాలి. అక్కడి నుంచి మెయిన్ బోర్డుకు 8 గేజీ జీఐ తీగ గానీ, 6 చదరపు ఎంఎం రాగి తీగ గానీ లాగాలి. మధ్యలో అతుకు ఉండకూడదు.

నాలుగడుగులకే బండ తగిలితే గడ్డపారతో కుస్తీ పట్టొద్దు. రెండడుగుల లోతు కాలువ, కనీసం 30 అడుగుల పొడవు తీసి, 25 ఎంఎం వెడల్పు, 3 ఎంఎం మందం జీఐ పట్టీ పరిచి పైన పూడిక మట్టి కప్పండి. లేదంటే రెండు చోట్ల రెండు పైపులు దింపి కలపొచ్చు. వాటి మధ్య కనీసం పైపు పొడవంత దూరం ఉండాలి. పక్కపక్కనే పెడితే రెండో పైపు వల్ల వచ్చే లాభం కొంచెమే.

బోరు కేసింగుకు తీగ కట్టి ఎర్తు అనడం పాత అలవాటు. ఇప్పుడు చాలా బోర్లకు దించేది పీవీసీ కేసింగు. ప్లాస్టిక్కులో కరెంటు పారదు.

కూలర్ సంగతి

రేకు కూలర్లు చాలావాటికి టూపిన్ వైరే వస్తుంది. దాన్ని తీసేసి మూడు తీగల ఫ్లెక్సిబుల్ వైరు, 1 లేదా 1.5 చదరపు ఎంఎంది, త్రీపిన్ టాపుతో వేయండి. పచ్చ తీగను బాడీకి బిగించే చోట రంగు పూర్తిగా గీకి, మెరిసే రేకు కనిపించాక లగ్గు, పళ్ల వాషరు పెట్టి స్క్రూ బిగించాలి. రంగు మీద బిగించిన ఎర్తు పేరుకే ఎర్తు. మోటరు స్టాండుకు కూడా బాడీ నుంచి చిన్న తీగ వేస్తే మంచిది, రబ్బరు బుష్షుల వల్ల అది బాడీకి తగలకుండా ఉండొచ్చు.

లీకు ఎక్కడుందో తేల్చాలంటే ముందు పంపు వైరు విప్పి, వట్టి ఫ్యాను నడపండి. షాక్ పోతే తప్పు పంపుది. ఎక్కువసార్లు అదే. నీళ్లలో మునిగి ఉండే ఆ చిన్న మోటరు సీలు పగిలినా, వైరు మీది తొడుగు ఎండకు చిట్లినా నీళ్లలోకి కరెంటు దిగుతుంది. పంపు వైరుకు నీళ్లలో గానీ, అంచు మీద గానీ అతుకు ఉండకూడదు, టేపు ఎంత చుట్టినా సరే. పాత పంపు బాగు చేయించడం కంటే కొత్తది కొనడమే మేలు. పంపు విప్పినా షాక్ తగ్గకపోతే మోటరు వైండింగు, ఆ తరువాత రెగ్యులేటరు దగ్గర బాడీకి రాసుకునే వైరు చూడాలి.

నీళ్లు పోసేటప్పుడు స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. ఆ బోర్డులో స్విచ్చు న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా కూలర్‌లో ఫేజు ఉంటుంది. టెస్టరుతో ఇది తెలుసుకోవచ్చు: ఏమీ పెట్టకుండా స్విచ్చు ఆపినప్పుడు కూడా సాకెట్టు రంధ్రంలో టెస్టరు వెలిగితే స్విచ్చు తప్పు తీగ మీద ఉన్నట్టే. ఫేజు ఎప్పుడూ స్విచ్చు గుండా రావాలి.

ఆర్‌సీసీబీ పెట్టించడం, అది పడుతుంటే వెతకడం

మామూలు సింగిల్ ఫేజు ఇంటికి రెండు పోల్స్, 40 ఆంప్‌లు, 30 మిల్లీ ఆంప్‌లది సరిపోతుంది. 100, 300 మిల్లీ ఆంప్‌లవీ దొరుకుతాయి. అవి మనిషి కోసం చేసినవి కావు, కొనేటప్పుడు పక్కన రాసిన అంకె చూసుకోండి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకు పడదు కాబట్టి దాని ముందు 32 లేదా 40 ఆంప్‌ల మెయిన్ ఎంసీబీ ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని గుండానే పోవాలి. దాటిన తరువాతి న్యూట్రల్ అంతా ఒకే లింకులో కలవాలి. అది ఇంకెక్కడా ఎర్తుకు గానీ, ముందున్న న్యూట్రల్‌కు గానీ తగలకూడదు.

గొడవంతా ఇక్కడే. పాత ఇళ్లలో న్యూట్రళ్లు గదికి గదికి మధ్య కలిసిపోయి ఉంటాయి. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో ముడేసి ఉంటారు. ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోతుంది. ‘ఇది మీ ఇంటికి సెట్ కాదు’ అని దాన్ని తీసేసి నేరుగా కలిపిపోతారు. సెట్ కాకపోవడం అంటూ ఉండదు, అది పడిందంటే ఎక్కడో కరెంటు దారి తప్పుతోంది.

వెతికే తీరు ఇది. అన్ని ఎంసీబీలు దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పోండి. ఏది ఎత్తితే పడిందో తప్పు ఆ లైనులో ఉంది. ఆ లైనులోని ప్లగ్గులన్నీ పీకి, ఒక్కోటీ పెట్టి చూస్తే సామాను దొరికిపోతుంది. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ పడుతుంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకు తగిలింది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది కదా. అప్పుడు మెయిన్ దించి, లింకు నుంచి న్యూట్రల్ తీగలు ఒక్కోటీ విప్పుతూ, విప్పినప్పుడల్లా మెయిన్ ఎత్తి చూడాలి. వాన పడ్డప్పుడే పడుతుంటే ముందు గేటు లైటు, డాబా మీది పాయింటు, మోటరు స్టార్టరు పెట్టె చూడండి.

ఆర్‌సీసీబీ మీది ‘టి’ (టెస్ట్) బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కినా పడకపోతే మార్చేయాలి. ఒక మాట: ఆ బటన్ ఎర్తు లేకున్నా పనిచేస్తుంది. అది పడింది కాబట్టి ఎర్తు బాగుందని అనుకోవద్దు.

న్యూట్రల్‌నే ఎర్తు అనేవాళ్ల మాట వినొద్దు

గుంత తవ్వే ఖర్చు ఎందుకని సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి పై రంధ్రానికి చిన్న తీగ ముక్క వేస్తారు. న్యూట్రల్ బాగున్నంత కాలం ఏమీ కాదు. స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిన రోజు, ఇంట్లో వెలుగుతున్న ఒక బల్బు గుండా ఫేజు ఆ ముక్కలోంచి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీల మీదికి ఎక్కుతుంది. దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటి: న్యూట్రల్ పోయినప్పుడు ఎర్తు మీద లైట్లు, ఫ్యాన్లు నడపడం. అప్పుడు ఎర్త్ తీగ తగిలిన ప్రతి వస్తువు మీద కరెంటు ఉంటుంది.

న్యూట్రల్ లూజైతే గుర్తులుంటాయి. బల్బు ఒకసారి మామూలుకంటే బాగా వెలుగుతుంది, ఇంకోసారి మిణుకుమంటుంది, ఫ్యాను ఉన్నట్టుండి వేగం పెరుగుతుంది. స్తంభం మీద న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజు ఇంటికి కూడా 300, 400 వోల్టులు రావచ్చు. వెంటనే మెయిన్ దించి లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ ఫోన్ చేయండి. మీటరు, దాని ముందున్న సర్వీసు వైరు ఇంటివాళ్లు ముట్టుకోకూడదు, ప్రైవేటు ఎలక్ట్రీషియన్ కూడా ముట్టుకోకూడదు.

సర్వీసు వైరు అనగానే దండెం సంగతి చెప్పాలి. బట్టలారేసే జీఐ తీగను కరెంటు స్తంభానికో, సర్వీసు వైరు వచ్చే కొక్కేనికో, రేకుల షెడ్డు గొట్టానికో కడతారు. సర్వీసు వైరు గాలికి రేకు అంచున రాసుకుని తొడుగు పోతే, తడి బట్ట వేసిన చేయి అంటుకుపోతుంది. దండేనికి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు రేకుకు తగిలే చోట పీవీసీ పైపు తొడిగించండి.

ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుంటే ముందు మెయిన్ దించాలి. అది దూరంగా ఉంటే ఎండు కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టాలి. చేత్తో పట్టుకుంటే ఇద్దరూ అంటుకుంటారు. 108కు ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

గీజరు, ఫ్యాను, బోరు వైరు

ఉప్పునీళ్ల బోరున్న ఇళ్లలో గీజరు రెండేళ్లకే ఆర్‌సీసీబీని పడేస్తుంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఎలిమెంటు (నీళ్లు కాచే గొట్టం) మీద తెల్లగా గడ్డకట్టేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం. సున్నపు పెంకు కట్టాక ఎలిమెంటు వేడి, నీళ్లలోకి పోక లోపలే ఉండిపోతుంది, గొట్టం చిట్లుతుంది, లోపలి పొడిలోకి తేమ పోయి లీకు మొదలవుతుంది. ఏడాదికోసారి ఎలిమెంటు విప్పించి పెంకు తీయించండి, పక్కనుండే మెగ్నీషియం రాడ్డు అరిగిపోతే మార్పించండి. అది పోయాక ఉప్పునీళ్లు ట్యాంకు రేకును తింటాయి. గీజరుకు 4 చదరపు ఎంఎం తీగ, 16 లేదా 20 ఆంప్‌ల ఎంసీబీ పెట్టాలి. సాకెట్టు నల్లబడితే లోపలి పిన్నుల పట్టు పోయినట్టు. సాకెట్టు మార్చాలి, పెద్ద ఎంసీబీ వేయడం దానికి మందు కాదు. 2.5 తీగ మీద 32 ఆంప్‌ల ఎంసీబీ పెడితే ముందు కాలేది గోడలోని తీగ.

సీలింగు ఫ్యాను నెమ్మదించి, చేత్తో తిప్పితే గానీ కదలకపోతే చాలాసార్లు కెపాసిటరే. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అనో 3.15 అనో ఉంటుంది. అదే అంకె, 440 వోల్టులది తెచ్చి వేయండి. పెద్దది వేస్తే వేగం పెరుగుతుందని కొందరు వేస్తారు, వైండింగు వేడెక్కి కాలుతుంది. మెయిన్ దించాకే మూత తీయాలి. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) ఫ్యానుకు ఈ వైద్యం పనికిరాదు, దాంట్లో సర్క్యూట్ బోర్డు చూడాలి.

బోరు మోటరు ‘గుర్ర్’మని ఎత్తుకోకపోతే స్టార్టరులోని కెపాసిటరు కంటే ముందు వైరు పొడవు చూడండి. 2.5 చదరపు ఎంఎం రాగి తీగ కిలోమీటరుకు 7.4 ఓమ్‌లు. బోర్డు నుంచి మోటరు దాకా 60 మీటర్లుంటే పోను రాను 120 మీటర్లు, అంటే 0.9 ఓమ్‌ల దాకా. నడుస్తున్నప్పుడు 7 ఆంప్‌లకు 6 వోల్టులే పోతాయి గానీ, ఎత్తుకునేటప్పుడు 30 ఆంప్‌లు లాగితే 27 వోల్టులు వైరులోనే పోతాయి. సాయంత్రం ఇంటికి వచ్చేదే 200 అయితే మోటరుకు మిగిలేది 173. తీగ 4 చదరపు ఎంఎంది వేస్తే ఆ నష్టం 17 వోల్టులకు దిగుతుంది. తీగతోపాటే పచ్చ తీగ ఒకటి లాగి స్టార్టరు పెట్టెకు, మోటరుకు బిగించండి. బోరు వైరుకు అతుకు తప్పకపోతే వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి, నీళ్లలోకి దించే ముందు ఆర్‌సీసీబీ మీద, ఎర్త్ తీగ కొస వేసిన బకెట్టు నీళ్లలో ముంచి చూడండి. అక్కడ పడితే బోరులోనూ పడుతుంది, పైపులన్నీ మళ్లీ పైకి లాగే కూలీ మిగులుతుంది.